తరగతి గదిలో పిల్లల పని: ఇసుక, బలపం, తెర

తరగతి గదిలోకి కొత్త పరికరం వచ్చినప్పుడల్లా దాని వెల ఎంత, అది ఎన్ని బడులకు చేరింది, ఎందరు పిల్లల చేతికి అందింది అన్న లెక్కలే ముందుకు వస్తాయి గాని, దాని ముందు కూర్చున్న పిల్లవాడు చేయవలసిన పని ఏమిటన్న ప్రశ్న సాధారణంగా వెనుకనే ఉండిపోతుంది. డిజిటల్ పరికరాలతో పాటు విద్యార్థులకు తలా ఒక పాత్ర అప్పగించి పాఠాన్ని లోతుగా నేర్పించాలన్న ఆలోచన నేడు కొత్త మాటగా వినిపిస్తున్నా, అందులో రెండో సగం చాలా పాతది. దాని తొలి అధ్యాయాల్లో ఒకటి మద్రాసులోనూ, తెలుగు పిల్లలు చదువుకున్న బళ్ళారి జిల్లా వీధిబడుల్లోనూ నడిచింది. పాత్ర అంటే ఇక్కడ వేషం కాదు, నేర్చుకునే పనిలో ఒక విద్యార్థి తోటివారి పట్ల వహించే బాధ్యత: ఒకరు ప్రశ్నిస్తారు, ఒకరు సారాంశం చెబుతారు, ఒకరు లెక్క సరిచూస్తారు.

1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడైన స్కాట్లండ్ మతాచార్యుడు ఆండ్రూ బెల్, ఒకనాడు దారిలో ఒక దేశీయ పాఠశాల పిల్లలు నేల మీద కూర్చుని ఇసుకలో వేలితో అక్షరాలు రాయడం గమనించాడు. ఆ పద్ధతిని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టబోతే ఉపాధ్యాయులు సుముఖత చూపలేదు; అప్పుడాయన ఒక సైనికుడి కొడుకైన జాన్ ఫ్రిస్కెన్ అనే సుమారు ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి పిలిచి, అక్షరాలు నేర్చుకునే తరగతిని వాడికి ఒప్పగించాడు. పెద్దలకు సాధ్యం కాదన్న పని ఆ పిల్లవాడి చేతుల మీదుగా సాగడంతో, బెల్ క్రమంగా ఆశ్రమం మొత్తాన్ని పిల్లలే పిల్లలకు నేర్పే ఏర్పాటుగా మార్చి, ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాక 1797లో ఆ ప్రయోగాన్ని పుస్తకంగా ప్రకటించాడు. విద్యాచరిత్రలో అది మద్రాసు విధానంగా నిలిచింది. బెల్ జన్మస్థలమైన సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో ఆయన ఇచ్చిన సొమ్ముతో వెలసిన పాఠశాలకు నేటికీ మద్రాస్ కాలేజ్ అనే పేరు ఉంది.

ఆ ఘనత బెల్‌కు ఎంతవరకు చెందుతుందన్న దానికి సమాధానం పాతికేళ్ళకు పైగా గడిచాక ఒక కలెక్టరు నివేదికలో దొరుకుతుంది. గవర్నరు థామస్ మన్రో 1822లో మద్రాసు రాష్ట్రమంతటా విద్య స్థితిగతులను ఆరా తీయమని ఆదేశించగా, బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో తన జిల్లా వివరాలు పంపాడు. తెలుగు వ్యాకరణం రాసిన పండితుడు కావడం వల్ల ఆయన అంకెలతో తృప్తిపడకుండా బడి లోపలికి తొంగిచూశాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆనాటి బళ్ళారి జిల్లాలో 9,27,857 మంది జనాభాకు 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉండగా, 235 బడులు కన్నడానివి, 226 తెలుగువి. పిల్లలు మొదట ఇసుకలో వేలితో దిద్దేవారు. తరువాత బియ్యం, బొగ్గుపొడి కలిపి పూసిన చెక్కపలక మీదనో, గంజి పెట్టి మడతలు వేసి నల్లని పూత పూసిన గుడ్డపుస్తకం, అంటే కడితం మీదనో, బలపపురాయి ముక్కతో రాసేవారు. పాఠం వచ్చిన పిల్లలు రానివారికి చెప్పడం, చెప్పడంలో తమ చదువునే గట్టి చేసుకోవడం అన్న ఏర్పాటును క్యాంప్‌బెల్ మనసారా మెచ్చుకుని, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనన్నాడు.

అదే నివేదిక మరో ముఖం కూడా చూపిస్తుంది. పొద్దున బడికి అందరికంటె ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో మెచ్చుకోలూ నిందా లేవన్న గుర్తుగా సున్నా చుట్టేవారు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపై వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. పద్యాలు తడుముకోకుండా అప్పజెప్పే పిల్లలకు వాటి అర్థం చిలుకకు తెలిసినంతే తెలుసునని, పుస్తకాల భాషకూ ఇంటి భాషకూ పొంతన లేకపోవడమే దానికి కారణమని క్యాంప్‌బెల్ విసుక్కున్నాడు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మందే. పరికరం చవక, పాత్ర సజీవం. కాని ఆ పాత్ర ఎవరికి దక్కింది, దానితో ఏం నేర్చుకున్నారు అన్న చోట ఈ బడులను ఆకాశానికెత్తడం కష్టం.

లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ 1798 నుంచి నడిపిన బడిలో, పిల్లలే పిల్లలకు నేర్పే ఈ ఏర్పాటు కర్మాగారపు క్రమశిక్షణను సంతరించుకుంది. పుస్తకాన్ని విడదీసి అట్టల మీద అతికించి గోడకు వేలాడదీస్తే, ఒక్క ప్రతితోనే వందలమంది పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చి అర్ధవలయంగా నిలబడి చదివేవారు. ఒక్కొక్క గుంపుకు ఒక పెద్ద విద్యార్థి మానిటర్‌గా ఉండేవాడు. పలకల లెక్కకు, హాజరుకు, పైతరగతికి పంపే పరీక్షకు కూడా వేరువేరు మానిటర్లుండేవారు. పాత్రలు పెరిగినకొద్దీ ఆలోచన తరిగిపోయింది, ఎందుకంటే మానిటర్ పని తనకు అర్థమైనది చెప్పడం కాక, ఇచ్చిన వాక్యాన్ని వల్లె వేయించడమే అయింది. పందొమ్మిదో శతాబ్దం మధ్యకాలం నుంచి శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, నల్లబల్ల, తరగతి అంతటికీ ఒకే పాఠం అన్న పద్ధతి బలపడ్డాక మానిటర్ల యుగం ముగిసింది. మన బడుల్లో దాని అవశేషంగా మిగిలినవాడు క్లాసు లీడరు: సుద్దముక్క తెచ్చేవాడు, పంతులు లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసేవాడు. బోధించే బాధ్యత పోయి కాపలా బాధ్యత మిగిలిందన్నమాట.

ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన ప్రసార సాధనాలు పిల్లవాడికి ఆపాటి పని కూడా మిగల్చలేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు నేరుగా అందించిన సైట్ ప్రయోగం సాంకేతికంగా అసాధారణమైనది. కోళ్ళగూటి వలతో చేసిన పది అడుగుల యాంటెన్నా ఉపగ్రహ సంకేతాన్ని అందుకుంది, కార్యక్రమాల తయారీ కేంద్రాల్లో ఒకటి హైదరాబాదులో ఉంది. ఉదయపు ప్రసారాలు బడిపిల్లల కోసమే సాగినా, తెర మాట్లాడుతుంటే పిల్లలు వినడమే తప్ప తిరిగి అడిగే దారి లేదు.

పిల్లవాడి చేతికి పని తిరిగి వచ్చింది కంప్యూటరుతో, అదీ కంప్యూటరు చేత పిల్లవాడికి పాఠం చెప్పించాలనుకున్నవారి వల్ల కాక, పిల్లవాడి చేత కంప్యూటరుకు పాఠం చెప్పించాలనుకున్నవారి వల్ల. 1967లో అమెరికాలో వాలీ ఫోయర్‌జైగ్, సేమూర్ పాపర్ట్, సింథియా సాలమన్ రూపొందించిన లోగో అనే ప్రోగ్రామింగ్ భాషకు కొద్దికాలంలోనే తాబేలు జతకూడింది. అది మొదట నేల మీద కదిలే యంత్రం, తరువాత తెర మీద గీత గీసే గుర్తు. ముందుకు 100, కుడికి 90 అన్న ఆజ్ఞలను నాలుగుసార్లు ఇస్తే తాబేలు చతురస్రం గీస్తుంది. ఇక త్రిభుజం గీయబోయిన పిల్లవాడు, సమబాహు త్రిభుజంలో ప్రతి కోణం 60 డిగ్రీలని పుస్తకంలో చదివాడు గనుక కుడికి 60 అని చెబుతాడు. మూడు గీతలు గీశాక కూడా బొమ్మ మూసుకోదు, ఆపకుండా సాగనిస్తే ఆరు భుజాల బొమ్మ తయారవుతుంది. అప్పుడు వాడు లేచి తానే తాబేలై గదిలో నడిచి చూసుకుంటే, మూల దగ్గర తాను తిరగవలసింది త్రిభుజం లోపలి కోణం కాదని, బయటి కోణమని, అది 120 డిగ్రీలని తేలుతుంది. తప్పును వెతికి సరిచేసుకునే ఈ పనికి తెలుగులో అచ్చమైన మాట ఎప్పటినుంచో ఉంది: దిద్దడం అంటే అక్షరం మీద మళ్ళీ మళ్ళీ రాయడమూ అవుతుంది, తప్పు సవరించడమూ అవుతుంది. భారతదేశంలో 1984లో క్లాస్ ప్రాజెక్టు పేరిట సుమారు 250 పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చినప్పుడు మాత్రం కంప్యూటరు గురించి తెలుసుకోవడమే ప్రధాన లక్ష్యమైంది. కంప్యూటరుతో మరొక విషయాన్ని తరచి చూడడం ఎక్కువ చోట్ల రెండో మెట్టుగానే ఉండిపోయింది.

పాపర్ట్ ఒంటరి పిల్లవాడి గురించి ఎక్కువగా ఆలోచిస్తుండగా, మరికొందరు గుంపు గురించి ఆలోచించారు. 1971లో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో, నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ మూలాల పిల్లలు కొత్తగా ఒకే గదిలో చేరి ఘర్షణ పడుతున్నప్పుడు, ఇలియట్ అరాన్‌సన్ జిగ్‌సా పద్ధతి ప్రవేశపెట్టాడు. పాఠాన్ని ముక్కలు చేసి బృందంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇస్తే, ఎవరి ముక్క వారు మిగతావారికి చెబితే తప్ప ఎవరికీ పాఠం పూర్తికాదు గనుక, పక్కవాడి మాట వినడం అవసరమైపోయింది. 1984లో అనెమరీ పాలింక్‌సార్, ఆన్ బ్రౌన్ వివరించిన పరస్పర బోధనలో పిల్లలు వంతులవారీగా ఉపాధ్యాయులై, చదివిన భాగం మీద ప్రశ్న వేయడం, సారాంశం చెప్పడం, అర్థం కానిది విడమర్చడం, ముందు ఏమి రాబోతుందో ఊహించడం అన్న నాలుగు పనులు చేస్తారు. బళ్ళారి చిలకలకు లోపించింది సరిగ్గా ఈ నాలుగే. స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ కోహెన్ వేరొక చిక్కును బయటపెట్టింది: గుంపులో వదిలేస్తే చదువులోనో హోదాలోనో పైనున్న పిల్లలే మాట్లాడతారు, ఎక్కువ మాట్లాడినవారే ఎక్కువ నేర్చుకుంటారు, కాబట్టి పాత్రలు పంచడం, వాటిని మారుస్తూ ఉండడం మర్యాద కోసం కాదు, చదువు కోసం.

కంప్యూటరు, గుంపు అనే ఈ రెండు పాయలు కలిసిన చోటు టొరంటో. 1980లలో మార్లిన్ స్కార్డమాలియా, కార్ల్ బెరైటర్ రూపొందించి 1997లో నాలెడ్జ్ ఫోరమ్‌గా విస్తరించిన వ్యవస్థలో, తరగతి పిల్లలంతా ఒకే ఉమ్మడి నిల్వలోకి తమ టిప్పణులు రాస్తారు, ఒకరి టిప్పణిని ఆధారంగా చేసుకుని మరొకరు ఇంకొంత చేరుస్తూ పోతారు. రాసేటప్పుడు నా సిద్ధాంతం, నాకు అర్థం కావలసింది, కొత్త సమాచారం వంటి గుర్తుల్లో ఒకటి ఎంచుకుంటారు. ఆ చిన్న గుర్తు, తాను చేస్తున్నది ఊహా, సందేహమా, సాక్ష్యమా అన్న విచక్షణను పిల్లవాడి చేతనే చేయిస్తుంది. 1991 నుంచి హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ భౌతికశాస్త్ర తరగతిలో చేసినది ఇంకా సాదా పని: ఒక ప్రశ్న, ఎవరికి వారు ఒక జవాబు, పక్కవారితో వాదన, మళ్ళీ జవాబు. జవాబులు చేతి అట్టలతో చూపినా, క్లిక్కర్ అనే మీట నొక్కి పంపినా పాఠాన్ని నడిపించేది మధ్యనున్న ఆ వాదనే.

తెలుగు నేల మీద ఇందుకు దగ్గరగా వచ్చిన ప్రయత్నంలో కంప్యూటరే లేదు. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం, 1980ల చివరి నుంచి పద్మనాభరావు, రమ దంపతులు పాఠ్యపుస్తకాన్ని కార్డులుగా విడగొట్టి, వాటిని నిచ్చెన బొమ్మ మీద వరుసగా అమర్చారు. పిల్లవాడు నిచ్చెన మీద తానున్న మెట్టును తానే చూసుకుని, ఆ మెట్టుకు చెందిన కార్డు తెచ్చుకుని, ఉపాధ్యాయుడి సాయం కావాలో, తోటివారి సాయం చాలునో, తానే చేసుకోగలడో తెలిపే గుంపులో కూర్చుంటాడు. ఒకే గదిలో అనేక తరగతులున్న ఏకోపాధ్యాయ బడిలో ఇది దేశీయ పద్ధతిని గుర్తుకు తెచ్చేదే అయినా, చెప్పే పాత్ర ఏ ఒక్క పెద్ద పిల్లవాడికో స్థిరపడిపోకపోవడం దీని విశేషం. ఇక కంప్యూటరుతోనైతే, 1999లో ఢిల్లీ కల్కాజీలో సుగత మిత్రా గోడలో అమర్చిన కంప్యూటరు దగ్గర పిల్లలు తమంతట తామే గుంపుకట్టి నేర్చుకోవడం ప్రపంచ ప్రసిద్ధమైంది. మౌస్ ఒకరి చేతిలో ఉంటే చుట్టూ చేరినవారు సలహాలిచ్చేవారు. ఆ తరువాత హైదరాబాదులో ఆయన బృందం మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేరును కొద్దిమంది పిల్లలకిచ్చి, యంత్రం తమ ఇంగ్లీషును పట్టుకునేదాకా వారు ఉచ్చారణ ఎలా దిద్దుకుంటారో పరిశీలించింది. పెద్దల పర్యవేక్షణ లేని చోట బలమైన పిల్లలే యంత్రాన్ని ఆక్రమిస్తారన్న విమర్శ గోడ కంప్యూటరును వెన్నాడింది. కోహెన్ హెచ్చరికకు అది మరో రూపం.

2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడ్డప్పుడు దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళలో పాఠాలు ప్రసారం కావడంతో సైట్ నాటి వన్‌వే తెర మళ్ళీ ఇళ్ళలోకి వచ్చింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకు ట్యాబులు అందినప్పుడు వాటిలో ముందుగానే నింపి ఉన్నవి చూసే పాఠాలు. కాని అదే ట్యాబును నలుగురి మధ్య ఉంచి, భూగర్భజలాల పాఠంలో ఒకరిని ఊరి బావుల్లో నీటిమట్టం కొలవమని, ఒకరిని ఆ కొలతలను స్ప్రెడ్‌షీటులో ఎక్కించమని, ఒకరిని గ్రాఫు గీయమని, నాలుగోవారిని ఆ గ్రాఫులో నమ్మశక్యం కాని చుక్కను పట్టుకోమని అడిగితే, వారం వారం ఆ పనులు మారుస్తూ పోతే, పరికరం మారకుండానే పాఠం మారిపోతుంది. నలుగురూ కలిసి రాసే ఉమ్మడి పత్రంలో ఎవరు ఏ మాట ఎప్పుడు చేర్చారో, ఏది కొట్టేశారో చిట్టా మిగులుతుంది. ఒక పిల్లవాడి ఆలోచన ఏ మలుపు దగ్గర మారిందో చూడడానికి ఉపాధ్యాయుడికి ఇంతకు ముందు ఇలాంటి ఆధారం లేదు. అయితే నేర్చుకునే యాప్‌లు ఎక్కువగా ఆ చిట్టాను వాడుతున్నది ముందుగా వచ్చినవారికి నక్షత్రాలు, వెనుకబడినవారికి ర్యాంకులు పంచడానికి. అరచేతిలో సరస్వతి, తరువాతివాడికి సున్నా అన్న బళ్ళారి లెక్కలో ఇప్పుడు లేనివి ఆ పైన పడే దెబ్బలు మాత్రమే.