తోప్ కా సాంచా, తెల్లని నక్షత్రాలు

హైదరాబాద్ నగరంలో ఆబిడ్స్‌కూ ఫతే మైదానానికీ నడుమ ఉన్న గన్‌ఫౌండ్రీ పేటకు ఆ పేరు తెచ్చిపెట్టినది 1786లో రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్ కొలువులో చేరిన ఫ్రెంచి సేనాని మిషెల్ జోయాకిం మరీ రేమండ్ నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారం. ఉర్దూలో దానిని ‘తోప్ కా సాంచా’ అన్నారు; తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే కరిగించిన లోహాన్ని పోసే అచ్చు. ఫిరంగి పోత పనిలో అన్నిటికన్నా కష్టమైనది కొలిమి వేడిని అంచనా కట్టడం. వేడి చాలకపోతే లోహం అచ్చులో సగం దారిలోనే గడ్డకడుతుంది, మితిమీరితే లోహంలో వాయువులు చేరి పోతలో బుడగలూ బోలుతనమూ మిగులుతాయి, అటువంటి గొట్టం మందుగుండు ఒత్తిడికి పగిలి పక్కనున్న గోలందాజులనే చంపుతుంది. కంచు కరగడానికి సుమారు 950 నుంచి 1,000 డిగ్రీల సెల్సియస్, పోత ఇనుము కరగడానికి 1,150 డిగ్రీలకు పైగా వేడి కావాలి; అంత వేడిని కొలిచే సాధనమేదీ ఆనాటి పనివారి చేతిలో లేదు కనుక వారు కొలిమి రంగునే నమ్ముకున్నారు. ముదురు ఎరుపు, చెర్రి పండు ఎరుపు, నారింజ, పసుపు, చివరకు కళ్లు మిరుమిట్లు గొలిపే తెలుపు అన్న వరుస ప్రపంచంలో ఏ కమ్మరికైనా, ఏ కంచరికైనా ఒకటే.

రేమండ్ 1798 మార్చిలో మరణించాడు. అదే ఏడాది సెప్టెంబరు 1న నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకోవడం, ఆ తరువాతి నెలలోనే ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేయడం జరిగిపోయాయి. ఫిరంగుల కథ అక్కడితో దాదాపు ముగిసింది. అయితే రంగును చూసి వేడిని చెప్పే విద్య మాత్రం ఈ నగరాన్ని విడిచి పోలేదు. నూరేళ్లు దాటాక అది కొలిమిని వదిలి ఆకాశానికి చేరింది, అక్కడ దాని వస్తువు తెల్లని నక్షత్రాలు. పేట పేరు ఫిరంగినే గుర్తుంచుకుంది గానీ హైదరాబాద్ విజ్ఞాన చరిత్రలో ఈ రెండో అధ్యాయమే ఎక్కువ విలువైనది.

1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే కులీనుడు ఫిసల్‌బండాలోని తన ఎస్టేటులో సొంత ఖర్చుతో ఒక వేధశాలను స్థాపించి, దానికి నిజామియా అనే పేరు పెట్టడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అనుమతి పొందాడు. ఇంగ్లండు నుంచి ఆయన తెప్పించిన పరికరాలలో గ్రబ్ సంస్థ చేసిన 15 అంగుళాల వక్రీభవన దూరదర్శిని, అంటే కటకాలతో కాంతిని కేంద్రీకరించే దూరదర్శిని ఒకటి. ఆకాశాన్ని ఫోటో తీయడానికి కుక్ సంస్థ చేసిన 8 అంగుళాల ఖగోళ ఛాయాచిత్ర దూరదర్శిని మరొకటి. 1907లో జఫర్ జంగ్ మరణించాక, ఆయన కోరిక ప్రకారం 1908లో వేధశాల నిజాం ప్రభుత్వ ఆర్థిక శాఖ కిందికి వచ్చింది. ఆర్థర్ చాట్‌వుడ్ తొలి సంచాలకుడయ్యాడు, పరికరాలు బేగంపేట గుట్ట మీదికి మారాయి. 1914లో పోకాక్, 1918లో టి.పి. భాస్కరన్ శాస్త్రి ఆ బాధ్యతను చేపట్టారు.

బేగంపేటకు దక్కిన పని చిన్నది కాదు. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశాన్ని పట్టీలుగా చీల్చి, సుమారు ఇరవై వేధశాలలకు పంచి, పదకొండో తరగతి ప్రకాశం దాకా ఉన్న నక్షత్రాలన్నిటి స్థానాలనూ గాజు పలకల మీద ఫోటోలు తీసి కొలవాలని సంకల్పించారు. దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ మొదట చిలీ దేశపు సాంటియాగోకు కేటాయించినది; అక్కడ పని సాగకపోవడంతో అది హైదరాబాద్‌కు వచ్చింది. క్రాంతి అంటే ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరానికో దక్షిణానికో కొలిచే కోణీయ దూరం. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక ఆ పట్టీలోని తారలు దక్షిణాన 50 నుంచి 55 డిగ్రీల ఎత్తున మధ్యాహ్నరేఖను దాటుతాయి, క్షితిజం దగ్గర ఉండే దుమ్మూ ఆవిరీ వాటిని అంతగా మసకబార్చవు. 1914లో మొదలైన ఈ పని, తరువాత ఉత్తరాకాశంలో కలిసిన మరొక పట్టీతో పాటు, దశాబ్దాలు పట్టి ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను, ప్రకాశాలను ముద్రిత సంపుటాలకు ఎక్కించింది. ఒక్కొక్క పలక మీద ఉన్న చుక్కలను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా కొలిచిన గణకుల ఓర్పును తలచుకుంటే ఈ సంఖ్య బరువు తెలుస్తుంది.

తెల్లని నక్షత్రానికి ఈ పలకల మీద ఒక ప్రత్యేక స్థానం దక్కింది, దానికి కారణం రసాయనికమైనది. ఆనాటి పలకలపై పూసే వెండి లవణాలు నీలి, ఊదా కాంతికి చురుకుగా స్పందించి, ఎరుపుకు దాదాపు చలించవు. కంటికి సమానంగా వెలిగే రెండు నక్షత్రాలలో ఒకటి ఎర్రనిది, మరొకటి తెల్లనిది అయితే, తెల్లనిది పలక మీద పెద్ద చుక్కగానూ ఎర్రనిది చిన్న చుక్కగానూ పడుతుంది. ఈ తేడా ఒక లోపమని మొదట అనిపించినా, అదే నక్షత్రాల రంగును అంకెలలోకి దించే మార్గమైంది: పలక చెప్పిన ప్రకాశ తరగతి నుంచి కంటికి తెలిసిన ప్రకాశ తరగతిని తీసివేస్తే మిగిలేదే వర్ణసూచిక, అది ఎంత ఎక్కువైతే నక్షత్రం అంత ఎర్రనిది. ఆ కొలబద్దకు సున్నా ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు శాస్త్రజ్ఞులు ఏ0 అనే వర్ణపట తరగతికి చెందిన తెల్లని నక్షత్రాలనే ఎంచుకున్నారు. ఇవాళ్టికీ అభిజిత్ (వేగా) వంటి నక్షత్రం వర్ణసూచిక ఇంచుమించు సున్నాయే.

కొలిమి తెలుపుకూ నక్షత్రపు తెలుపుకూ మధ్య ఉన్న తేడాను ఇక్కడ స్పష్టం చేయవలసి ఉంది, ఎందుకంటే రెండింటికీ ఒకే మాట వాడడం వల్ల పొరపాటు పడే అవకాశం ఉంది. వేడెక్కిన ఏ వస్తువైనా అన్ని తరంగ దైర్ఘ్యాలలోనూ కాంతిని వెదజల్లుతుంది గానీ, ఆ కాంతి అత్యధికంగా ఉండే తరంగ దైర్ఘ్యం ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ తగ్గుతుంది. 1893లో విల్‌హెల్మ్ వీన్ చెప్పిన నియమం ఇదే. 1,200 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్న ఇనుము వెదజల్లే శక్తిలో అధిక భాగం కంటికి కనిపించని పరారుణ కిరణాలే. మన కంటికి చేరేది ఎరుపూ పసుపూ ఎక్కువగా ఉన్న కొద్దిపాటి అంశం, దాని తీవ్రతకు కన్ను చెదిరి దానినే తెలుపంటుంది. మృగవ్యాధుడని మన వాళ్లు పిలిచే సిరియస్ ఉపరితలం సుమారు 9,900 కెల్విన్. కెల్విన్ అంటే పరమ శూన్యం నుంచి లెక్కించే ఉష్ణోగ్రతా మానం, అందులోంచి 273 తీసేస్తే సెల్సియస్ డిగ్రీలు వస్తాయి. ఆ వేడిలో కాంతి శిఖరం 290 నానోమీటర్ల దగ్గర, అంటే అతినీలలోహిత ప్రాంతంలో ఉంటుంది, దృశ్య కాంతిలోని రంగులన్నీ నీలం వైపు కొంచెం మొగ్గుతూ కలిసి వస్తాయి. లోహాలన్నిటిలోకీ ఆలస్యంగా కరిగే టంగ్‌స్టన్ కూడా 3,422 డిగ్రీలకే కరిగిపోతుంది కనుక, ఆ తెలుపును చూపగల ఘన పదార్థం ఏ కొలిమిలోనూ లేదు.

ఇటువంటి నక్షత్రాలకు ‘ఏ’ అనే అక్షరం తగలడం కూడా ఒక చారిత్రక యాదృచ్ఛికమే. కాంతిని పట్టకం ద్వారా రంగులుగా విడదీస్తే వర్ణపటం వస్తుంది, అందులో అక్కడక్కడ కనిపించే నల్లని గీతలు నక్షత్ర వాతావరణంలోని మూలకాలు పీల్చుకున్న కాంతికి గుర్తులు. హార్వర్డ్ వేధశాలలో విలియమీనా ఫ్లెమింగ్ 1890లో ప్రచురితమైన పట్టికలో హైడ్రోజన్ గీతలు మిక్కిలి బలంగా ఉన్న నక్షత్రాలకు ఏ అని, తగ్గే కొద్దీ బీ, సీ అని పేర్లు పెట్టింది. తరువాత ఆనీ జంప్ కానన్ వాటిని వేడిని బట్టి ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎమ్ అని తిరగ పేర్చింది. హైడ్రోజన్ గీతలు అన్నిటికన్నా వేడిగల ఓ తారలలో కాక మధ్యస్థమైన ఏ తారలలోనే ఎందుకు బలంగా ఉన్నాయన్నది చాలాకాలం చిక్కు ముడిగా ఉంది. 1920లో మేఘనాద్ సాహా రూపొందించిన అయనీకరణ సమీకరణం ఆ ముడిని విప్పింది. కంటికి కనిపించే హైడ్రోజన్ గీతలు ఏర్పడాలంటే పరమాణువులోని ఎలక్ట్రాన్ రెండో కక్ష్యలో ఉండాలి. చల్లని తారలలో అది అడుగు కక్ష్యలోనే ఉండిపోతుంది, బాగా వేడెక్కిన తారలలో పరమాణువును పూర్తిగా విడిచి పోతుంది, పదివేల కెల్విన్ల పరిసరాలలో మాత్రమే రెండో కక్ష్యలో ఎక్కువ ఎలక్ట్రాన్లు ఉంటాయి. గీతల బలం పదార్థం ఎంత ఉందో కాక వేడి ఎంత ఉందో చెబుతుందన్న ఈ గ్రహింపు ఆధునిక ఖగోళ భౌతిక శాస్త్రానికి పునాదిరాయి, అది ఒక భారతీయుడి చేతుల మీదుగా పడింది.

ఈ తెల్లని తారలు చేరే ప్రధాన శ్రేణి అనే మాటకు అర్థం సూటిగా చెప్పవచ్చు. గర్భంలో హైడ్రోజన్‌ను హీలియంగా మార్చుకుంటూ స్థిరంగా వెలిగే దశలో ఉన్న నక్షత్రాలను, ఒక వైపు ఉష్ణోగ్రతనూ మరొక వైపు దీప్తినీ గుర్తించిన పటం మీద పెడితే అవి ఒక వాలు పట్టీలో కుదురుకుంటాయి, ఆ పట్టీయే ప్రధాన శ్రేణి. అందులో తెల్లని ఏ తరగతి వాటి ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 1.4 నుంచి 2.1 రెట్లు, ఉపరితల ఉష్ణోగ్రత 7,500 నుంచి 10,000 కెల్విన్లు. సిరియస్ ద్రవ్యరాశి సూర్యుడికి రెండు రెట్లకు కొంచెం మించి, వ్యాసార్ధం 1.7 రెట్లు మాత్రమే ఉన్నా దాని దీప్తి 25 రెట్లు. ఉపరితలంలోని ఒక్కొక్క చదరపు మీటరు వెదజల్లే శక్తి ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరగడమే దీనికి కారణం. ద్రవ్యరాశి రెండింతలై ఖర్చు ఇరవై ఐదింతలైన ఈ నక్షత్రానికి ఆయువు తక్కువ, సూర్యుడు వెయ్యి కోట్ల సంవత్సరాలు నిలిస్తే సిరియస్ వంటిది వంద కోట్ల లోపే ప్రధాన శ్రేణిని విడుస్తుంది. సిరియస్ చుట్టూ యాభై ఏళ్లకొకసారి తిరిగే చిన్న సహచరి శ్వేత కుబ్జం. అదీ తెల్లనిదే అయినా, ఇంధనం అయిపోయి చల్లారుతున్న శేషం కనుక దానిని ప్రధాన శ్రేణి తారతో కలపకూడదు.

పంచాంగం తెలిసిన తెలుగు ఇళ్లలో తెల్లని తారలు మరో రెండు పరిచితమైనవే. శ్రావణ మాసానికి పేరిచ్చిన శ్రవణా నక్షత్రంలోని ప్రధాన తారనే పాశ్చాత్యులు ఆల్టేర్ అంటారు, అది సుమారు 17 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. భద్రాచలంలో సీతారాముల కల్యాణం జరిపించే అభిజిత్ ముహూర్తంతో పేరు పంచుకున్న అభిజిత్ నక్షత్రం వేగా, దాని దూరం 25 కాంతి సంవత్సరాలు. ఇరవై ఏడు నక్షత్రాల లెక్కలో దానికి చోటు లేకపోయినా ఉత్తరాషాఢకూ శ్రవణానికీ మధ్య దానిని చెప్పుకొంటారు. ఈ రెండూ విపరీతమైన వేగంతో తమ చుట్టూ తాము తిరుగుతాయి. సూర్యుడు ఒక చుట్టు తిరగడానికి ఇంచుమించు నెల పడితే, శ్రవణం సుమారు తొమ్మిది గంటలలోనే తిరిగి మధ్యలో ఉబ్బి ధ్రువాల దగ్గర నొక్కుకుపోయింది. దాని మధ్య వ్యాసం ధ్రువ వ్యాసం కన్నా దాదాపు అయిదో వంతు ఎక్కువ. అభిజిత్ కూడా అంతే ఉబ్బినదైనా దాని ధ్రువం మన వైపు తిరిగి ఉండడంతో ఆ సంగతి చాలాకాలం బయటపడలేదు. ఉబ్బిన మధ్యభాగం గర్భానికి దూరం కనుక చల్లగానూ ధ్రువాలు వేడిగానూ ఉంటాయి, అందువల్ల ఒకే నక్షత్రానికి ఒకే ఉష్ణోగ్రత చెప్పడం ఇటువంటి తారల విషయంలో సరిపోదు.

ఈ తారల లోపలి నిర్మాణం సూర్యుడికి తలకిందులైనది. సూర్యుడిలో గర్భం నిశ్చలంగా ఉండి పై పొర మరిగే నీళ్లలా పొర్లుతుంటే, సిరియస్ వంటి వాటిలో గర్భమే పొర్లుతుంది, పై పొరలు ప్రశాంతంగా ఉండి శక్తిని కిరణాల రూపంలో బయటికి పంపుతాయి. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ సాయంతో జరిగే సంలీన చక్రం వేడికి అతి సున్నితంగా స్పందించి కొద్ది చోటులోనే శక్తినంతా పుట్టించడం ఆ పొర్లాటకు మూలం. పై పొర పొర్లకపోతే సూర్యుడిపై ఉన్నటువంటి బలమైన వర్ణమండలం, అంటే ఉపరితలం పైనుండే పలుచని వాయు పొర, ఏర్పడదు. ఇక్కడే గన్‌ఫౌండ్రీకి కొద్ది నిమిషాల నడకలో ఉన్న నిజాం కాలేజీ ఈ కథలోకి వస్తుంది. నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రికి 1927లో పుట్టి, ఆ కాలేజీలో చదివిన ఎం.కె. వేణు బప్పు 1949లో హైదరాబాద్ ప్రభుత్వ ఉపకార వేతనంతో హార్వర్డ్‌కు వెళ్లాడు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన వెల్లడించిన సూత్రం ప్రకారం, వర్ణమండలంలోని కాల్షియం వెలుగు గీతల వెడల్పును బట్టి నక్షత్రపు నిజమైన దీప్తి తెలుస్తుంది. సూర్యుడి వంటి, అంతకన్నా చల్లని తారలకే అది పనికొస్తుంది, తెల్లని తారలలో ఆ వెలుగు గీత కనిపించదు. ఒక సూత్రం ఎక్కడ ఆగిపోతుందో చూస్తే తెల్లని తార పై పొరల స్వభావం మరింత స్పష్టమవుతుంది.

వేధశాల 1919లో, అప్పుడే నిజాం కాలేజీ పరిసరాల్లో తరగతులు ప్రారంభించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. 1922లో గ్రబ్ దూరదర్శినిని నెలకొల్పారు, 1968లో పరిశీలనలు జపాల్–రంగాపూర్‌లోని 48 అంగుళాల దర్పణానికి మారాయి. బేగంపేట ఆవరణలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయన సంస్థ నడుస్తోంది. అయితే పాత పలకల పని అక్కడితో తీరలేదు. 1989లో ఐరోపా అంతరిక్షంలోకి పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం ఇరవై ఐదు లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచినప్పుడు, అవి ఆకాశంలో ఏడాదికి ఎంత జరుగుతున్నాయో తేల్చడానికి దూరపు గతంలో తీసిన కొలతలు కావలసి వచ్చాయి. 2000లో వెలువడిన టైకో–2 పట్టిక ఆ కొలతలను ప్రధానంగా పారిస్ సంకల్పం నాటి పలకల నుంచి తీసుకుంది. దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న తారలకు ఆ పాత స్థానాలు బేగంపేట వేధశాలలో కొలిచినవి.