ఊటకలము: పుట్టుక, ప్రాభవము, పోషణ

సంస్కృత మహాభారతము ఆదిపర్వమున, కొన్ని ప్రతులయందు, ఒక ముచ్చట కలదు. తాను చెప్పు భారతమును వ్రాసిపెట్టుమని వ్యాసమహర్షి విఘ్నేశ్వరుని వేడెను. తన లేఖిని క్షణమైనను ఆగరాదని గణపతి నియమము పెట్టెను. అర్థము తెలియక ఒక్క అక్షరమైనను వ్రాయరాదని వ్యాసుడు మారు నియమము పెట్టెను. వీనిలో మొదటి నియమమును నెరవేర్చు సాధనమును కనుగొనుటకు మానవులకు వేలయేండ్లు పట్టినది. ఆ సాధనమే ఊటకలము. మనవారు ఫౌంటెన్ పెన్నందురు. రెండవ నియమమును గూర్చి చివర విన్నవించెదను.

మన పూర్వులు తాటియాకుపై ఇనుపగంటముతో గీచి, ఆ గీతలలో మసి పూసి చదువుకొనెడివారు. కాగితము వచ్చిన పిదప చెక్కిన రెల్లుకలము, పక్షియీక, ఆపైన ఉక్కుపాళీ వాడుకకు వచ్చినవి. కరక్కాయ, అన్నభేది కలిపి కాచిన సిరా మన యిండ్లలోనే తయారగుచుండెను. అయితే ఏ కలమైనను నాలుగు మాటలు వ్రాయునంతలో బుడ్డిలో ముంచవలసినదే. లెక్కలు వ్రాయువానికి ఈ బాధ బాగుగా తెలియును. కూడిక నడుమ చేయి ఆగినచో అంకె తప్పును. తొందరపడి ముంచినచో పద్దుపై మచ్చ పడును.

సిరాను తనలోనే దాచుకొను కలము కావలెనను కోరిక క్రొత్తది కాదు. పదవ శతాబ్దమున ఈజిప్టును జయించిన ఖలీఫా అల్ ముఇజ్ అట్టి కలమును చేయించెనని ఆయన కొలువులోని న్యాయాధికారి వ్రాసియుంచెను. 1827లో, పారిస్ నగరమున చదువుచుండిన పెట్రాకె పోయెనారు అను రుమేనియా యువకుడు అట్టి కలమునకు ఫ్రాన్సు ప్రభుత్వము వలన పేటెంటు పొందెను. కాని చిక్కు వీడలేదు. సన్నమూతి సీసాను తలక్రిందు చేసినచో నూనె ఆగియాగి గుటగుటమని పడుట మనమెరిగినదే. నూనె వెలుపలికి వచ్చిన కొలది గాలి లోపలికి పోవలెను. కలమునకును అంతే. గాలి చాలకున్న వ్రాత సాగదు. అదుపు తప్పిన సిరా బొట్లుగా రాలును.

ఈ ముడిని విప్పినవాడుగా పేరొందినవాడు న్యూయార్కు నగరమునందలి లూయీ వాటర్‌మన్. 1884లో అతడు పేటెంటు పొందిన కలమున పాళీ క్రింద నాలుకవంటి ముక్కయొకటి యుండును. దానిపై నొక గాడి. గాడియడుగున వెండ్రుకవాటు చీలికలు. ప్రమిదలోని నూనెను వత్తి పీల్చునట్లు ఆ చీలికలు సిరాను పాళీవఱకు తెచ్చును. గాలి గాడివెంట లోనికి పోవును. వాటర్‌మన్ భీమా ఏజెంటనియు, ఒప్పందపత్రముపై సిరా ఒలికి బేరము చెడగా పట్టుదలతో ఈ కలము చేసెననియు ఒక కథ ప్రచారములో నున్నది. దానికి ఆధారము కానరాలేదు. రుజువు లేని పద్దును లెక్కలో వేయుట నాకలవాటు లేదు.

కలము కాండమునకు ఎబొనైటు వాడిరి. అది గంధకము కలిపి గట్టిపఱచిన రబ్బరు. పాళీకి బంగారము వాడుట కేవలము డాబునకు కాదు. అన్నభేది సిరాలోని పులుపు ఉక్కును తినివేయును, బంగారమును తాకజాలదు. అయితే మేలిమి బంగారము మెత్తన గనుక పదునాలుగు క్యారట్లది వాడి, కాగితమును తాకు మొనకు ఇరిడియము జాతికి చెందిన కఠినలోహపు చుక్కను అతికిరి. తొలుత సిరాను చుక్కలగొట్టముతో పోసెడివారు. 1908లో, అయోవా రాష్ట్రమునందలి నగలవర్తకుడు వాల్టర్ షేఫర్, కాండమునందలి మీటను ఎత్తి దించినంతనే లోపలి రబ్బరుసంచి సిరాను పీల్చుకొను ఉపాయమునకు పేటెంటు పొందెను.

పిమ్మట కలమునకు రాజయోగము పట్టినది. విద్యార్థుల కలములను బాగుచేయుచు ఈ వ్యాపారమున దిగిన జార్జి పార్కర్ సంస్థ 1921లో డ్యూఫోల్డు అను పెద్ద ఎఱ్ఱకలమును ఏడు డాలర్లకు అమ్మినది. జర్మనీలోని మోంట్‌బ్లాంక్ వారు 1924లో మైస్టర్‌ష్టుక్ అను శ్రేణిని వెలువరించిరి. దాని పాళీపై చెక్కిన 4810 అను అంకె ఆ పేరుగల పర్వతపు ఎత్తును మీటర్లలో తెలుపును. జపానులో నమికి సంస్థ పనివారు కలమునకు పలుపూతల లక్క వేసి, బంగారుపొడితో పక్షులను, పూలను చిత్రించిరి. 1941లో వచ్చిన పార్కర్ 51 పాళీని ముసుగులో దాచి, ఆరిపోకుండ కాపాడినది.

ఇక మన గోదావరితీరమునకు వత్తము. రాజమహేంద్రవరమున అచ్చుదిమ్మలు చెక్కు నేర్పుగల కె. వి. రత్నంగారు, సామాన్యునకు పనికివచ్చు వస్తువును చేయుమన్న గాంధీమహాత్ముని మాటను శిరసావహించి, 1930లలో స్వదేశీ కలమును రూపొందించిరి. ఆ కలము గ్రామపరిశ్రమల సంఘమునకు చెందిన కుమారప్పగారి ద్వారా మహాత్మునికి చేరినది. 1935 జూలైలో ఆయన వార్ధానుండి స్వహస్తముతో ఉత్తరము వ్రాసి, బజారులలోని విదేశీ కలములకు బదులుగా ఇది పనికివచ్చునని మెచ్చుకొనిరి. తరువాణిపై ఎబొనైటు కడ్డీని చేతితో మలచు ఆ విద్య నేటికిని ఆ నగరమున నిలిచియున్నది.

హంగెరీ పత్రికారచయిత లాస్లో బీరో 1938లో బంతికలమునకు బ్రిటనులో పేటెంటు పొందెను. 1945 అక్టోబరు 29న న్యూయార్కులో బంతికలము పండ్రెండున్నర డాలర్లకు అమ్మకమునకు రాగా జనము ఎగబడిరి. పోను పోను దాని ధర పడిపోయి, ఊటకలము జేబునుండి పెట్టెలోనికి పోయెను. పెట్టెలోనిదానిని వెదకువారే సేకర్తలైరి.

ఇచట నా తప్పొకటి ఒప్పుకొనవలెను. మా తండ్రిగారు 1984లో కరిణీకములు రద్దగువఱకు ఈ ఊరి కరణము. వారి చేతిది పేరు చెక్కిన నల్లని రాజమహేంద్రవరపు కలము. వారు పోయిన పిదప అది ఏండ్ల తరబడి పెట్టెలో నుండి, లోని సిరా గడ్డకట్టెను. నేను తెలిసీతెలియక దానిని మరుగునీట ముంచితిని. నిగనిగలాడు నలుపు నిమిషములలో బురదరంగు తిరిగెను. ఎబొనైటు వేడిని, ఎండను ఓర్వదని అటుపిమ్మట తెలిసికొంటిని. నగరమునుండి వచ్చిన సేకర్త యొకరు దానిని చూచి, రంగు చెడకున్న మంచి వెల పలికియుండెడిదని పెదవి విఱిచిరి. వారి పెట్టెలో నూఱుకు పైగా కలములు మెఱయుచుండెను. వీనిలో దేనితో వ్రాయుదురని అడిగితిని. వ్రాసిన వెల తగ్గునని వారనిరి. ఆ సాయంకాలము నేను మా తండ్రిగారి కలమున సిరా పోసి సహకారసంఘపు చిట్టా వ్రాసితిని. శోభ పోయినది గాని పాళీ వారి చేతివ్రాతను మఱవలేదు.

సేకరణ తప్పనుట లేదు. సేకర్తలు లేకున్న ఎన్నో కలములు చెత్తలో కలిసియుండును. పాతకలమున్నవారు కొన్ని మెలకువలు పాటింపవలెను. చల్లని నీటితో మాత్రమే కడుగవలెను. జిగురుండు చిత్రలేఖనపు సిరాను పోయరాదు. అది గాడులలో బిగిసిపోవును. వాడని రోజులలో సిరాను తీసివేసి ఆరబెట్టవలెను. మెఱుగు పెట్టు తొందరలో చెక్కిన అక్షరములను అరుగదీయరాదు. అన్నిటికంటె మేలైన పోషణ వ్రాయుటయే.

మన గ్రంథాలయపు తొలిదినములలో పుస్తకములను బీరువాలో పెట్టి తాళము వేసితిమి. వానిని పాఠకులకంటె ముందు చెదలు చదివినవి. తలుపులు తెఱచిన పిదపనే పుస్తకములు నిలిచినవి. కలమునకును అదే ధర్మము. కావున ఈ రజతోత్సవమున మా తండ్రిగారి కలమును గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. దానిని అద్దాలపెట్టెలో పెట్టవలదు. క్రొత్తగా చేరు ప్రతి పుస్తకము పేరును పట్టికలో దానితోనే వ్రాయవలెను. మన యువకులును వంతులవారీగా వ్రాయుదురు గాక.

గణపతి పెట్టిన నియమమును వాటర్‌మన్, రత్నంగార్ల వంటి నేర్పరులు నెరవేర్చిరి. ఆగక వ్రాయు కలము మనకు లభించినది. అర్థము తెలిసి వ్రాయుమన్న వ్యాసుని నియమమును నెరవేర్చు కలము ఏ అంగడిలోను దొరకదు. దానికి ఈ గ్రంథాలయపు గడప త్రొక్కవలసినదే.