రేడియో పలకని పడవలు

టీములో ఎవరైనా "నెట్‌వర్క్ ప్రాబ్లమండీ, అందుకే స్టేటస్ పంపలేకపోయా" అంటే నాకు వెంటనే డోనల్డ్ క్రోహర్స్ట్ గుర్తొస్తాడు. వాళ్ళది అబద్ధమని కాదు. ఇవతల కూర్చున్నవాడికి ఏది నిజమో ఎలా తెలుస్తుందని!

1968లో లండన్ సండే టైమ్స్ పత్రిక ఒక పందెం పెట్టింది. తెరచాప పడవలో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి రావాలి. తొమ్మిదిమంది బయల్దేరారు. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ పడవ 'సుహైలీ' మన బొంబాయిలో టేకుతో కట్టిందే. దారిలో దాని ట్రాన్స్‌మిటర్ చెడిపోయింది. రేడియోకి వినడానికి కొంచెం కరెంటు చాలు, పంపడానికి మాత్రం బోలెడు కావాలి. బ్యాటరీ కాస్త దిగినా, యాంటెన్నా అతుకుల్లో ఉప్పునీరు చేరి చిలుము పట్టినా మాట బయటికి పోదు. న్యూజీలాండ్ దాటాక నెలల తరబడి కబురు లేదు, పోయాడేమో అనుకున్నారు. 1969 ఏప్రిల్ 22న, 312 రోజుల తర్వాత, ఫాల్మత్‌లో తేలాడు. పందెం పూర్తిచేసింది అతనొక్కడే.

క్రోహర్స్ట్ ఘజియాబాద్‌లో పుట్టిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. రేడియో సిగ్నల్‌తో దిక్కు పట్టే పరికరాలు అమ్మే సొంత కంపెనీ. (మనవాడే అనుకోండి!) పడవేమో కారుతోంది, దక్షిణ సముద్రానికి తట్టుకోదు. వెనక్కొస్తే దివాలా. డిసెంబరు నుంచి లేని వేగం, లేని చోటు రిపోర్టు చెయ్యడం మొదలెట్టాడు. జనవరిలో జనరేటర్ దగ్గర నీళ్ళు కారుతున్నాయని సాకు చెప్పి రేడియో కట్టేశాడు. అందరూ నమ్మారు, ఎందుకు నమ్మరు? సుహైలీకి నిజంగానే అయింది కదా. దాదాపు మూడు నెలలు అట్లాంటిక్‌లోనే తిరుగుతూ కూర్చున్నాడు.

ఏప్రిల్లో మళ్ళీ పలికాడు. ఇతను వెనకే తరుముకొస్తున్నాడనుకుని నైజెల్ టెట్లీ దెబ్బతిన్న పడవని అదిలించాడు. మే 21న అది మునిగింది. మనిషి బతికాడు. ఇక గెలుపు, దాంతోపాటు లాగ్ తనిఖీ క్రోహర్స్ట్ నెత్తిన పడేట్టున్నాయి.

సరిగ్గా అప్పుడే రేడియో నిజంగా చచ్చింది. మాట్లాడటానికి మనిషి కావాల్సిన రోజుల్లో! వారాలపాటు విప్పి, అతికి, జూన్ 22కి మోర్స్ పలికించాడు. ఇంజనీరుగా అది చిన్న పని కాదు.

లాగ్‌లో చివరి రాత జులై 1. జులై 10న 'పికార్డీ' అనే ఓడకి పడవ దొరికింది. లోపల మనిషి లేడు. నిజంగా తిరిగిన చోట్లన్నీ మాత్రం లాగ్ పుస్తకాల్లో ఉన్నాయి. నాక్స్-జాన్‌స్టన్ తన 5,000 పౌండ్ల బహుమతి అతని భార్యాపిల్లలకి ఇచ్చేశాడు.