వర్డిక్ట్, జడ్జ్‌మెంట్, అవార్డు... అన్నీ తీర్పులేనా?

ఇంగ్లీషులో జడ్జ్‌మెంట్, వర్డిక్ట్, డిక్రీ, అవార్డు, ఫైండింగ్, సెంటెన్స్, డెసిషన్... ఇన్ని మాటలున్నాయి. తెలుగులో చూస్తే అన్నిటికీ కలిపి ఒక్క "తీర్పు", మహా అయితే ఇంకో "నిర్ణయం". కాబట్టి మన భాష బీదది అనే వాదన మన సాఫ్టువేరు జనాల్లో తరచు వినిపిస్తూ ఉంటుంది. మన భాష సంగతి అలా ఉంచి, అసలు ఇంగ్లీషువాళ్ళకి ఇన్ని మాటల అవసరం ఎందుకొచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఏది ఎవరు తేల్చాలి అన్న దగ్గర వాళ్ళు వందల ఏళ్ళు కొట్టుకున్నారు. ఆ గొడవల్లో పాతిన సరిహద్దు రాళ్ళే ఈ మాటలు. మన భాషలో చెప్పాలంటే ఇదొక యాక్సెస్ కంట్రోల్ లిస్టు.

పాత ఇంగ్లీషులో తీర్పుని "డూమ్" అనేవాళ్ళు, తీర్పు చెప్పడాన్ని "డీమ్" అనేవాళ్ళు. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక 1086లో దేశంలో ఎవరి భూమి ఎంతో సర్వే చేయించి రాయించిన పుస్తకానికి జనం డూమ్స్‌డే బుక్ అని పేరు పెట్టారు, అందులో రాసినదానికి ఇక తిరుగులేదు అన్న అర్థంలో. తర్వాత్తర్వాత కోర్టు భాష ఫ్రెంచి అయిపోయింది. జడ్జి, జ్యూరీ, వర్డిక్ట్, సెంటెన్స్, అవార్డు అన్నీ ఆ దారిన వచ్చినవే. 1362లో కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేశారు (ఆ చట్టాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలో!). అప్పటికే ఫ్రెంచి మాటలు పాతుకుపోయాయి. పాపం, డూమ్‌కి చివరికి సర్వనాశనం అనే అర్థమే మిగిలింది. డీమ్ మాత్రం "డీమ్డ్ యూనివర్సిటీ" రూపంలో మన ఊళ్ళ దాకా వచ్చింది. నవ్వకండి, మనకీ ఇలాంటిదే జరిగింది. "తగవు" అంటే ఒకప్పుడు న్యాయం, తగిన పద్ధతి. ఇప్పుడు తగువు అంటే కొట్లాట.

ఇహ అసలు కథ. వర్డిక్ట్ అంటే మాట ప్రకారం "నిజం పలకడం". ఏం జరిగిందో తేల్చి చెప్పడం అన్నమాట. అది జ్యూరీ పని. జరిగినదానికి చట్టం ఏమంటుందో చెప్పడం జడ్జ్‌మెంట్, అది జడ్జి పని. వినడానికి చక్కగా ఉంది. కానీ జ్యూరీ చెప్పింది జడ్జికి నచ్చకపోతే?

1670 ఆగస్టులో లండన్లో క్వేకర్ల ప్రార్థనా మందిరానికి ప్రభుత్వం సైనికుల్ని కాపలా పెట్టి మూయించింది. దాంతో విలియం పెన్ అనే పాతికేళ్ళ కుర్రాడు గ్రేస్‌చర్చ్ స్ట్రీట్‌లో నడివీధిలో నిలబడి ప్రసంగించాడు. అతన్నీ, విలియం మీడ్ అనే ఇంకో క్వేకర్‌నీ చట్టవిరుద్ధంగా గుంపు కూడారని, శాంతికి భంగం కలిగించారని పట్టుకెళ్ళి ఓల్డ్ బెయిలీ కోర్టులో నిలబెట్టారు. కోర్టులో టోపీ తియ్యలేదని ముందు ఒక జుల్మానా. (లోపలికొచ్చేటప్పుడు తీసేసిన టోపీల్ని కోర్టువాళ్ళే మళ్ళీ పెట్టించి మరీ ఈ జుల్మానా వేశారు!) నేనే చట్టం తప్పానో చూపించండి అని పెన్ అడిగితే సరైన సమాధానం లేదు.

పన్నెండు మంది జ్యూరీ బయటికి వెళ్ళి వచ్చి, పెన్ "గ్రేస్‌చర్చ్ స్ట్రీట్‌లో మాట్లాడిన నేరస్థుడు" అన్నారు. అంతే. గుంపు మాట లేదు, శాంతిభంగం మాట లేదు. మాట్లాడటం నేరం కాదు కదా! అంటే జరిగింది మేం చెప్పాం, ఇందులో నేరం ఎక్కడుందో మీరు చూసుకోండి అన్నట్టన్నమాట. జడ్జీలకి ఒళ్ళు మండింది. ఇది వర్డిక్టే కాదు, మళ్ళీ వెళ్ళి సరిగ్గా చెప్పండి అన్నారు. ఒప్పుకోలేదని తిండి, నీళ్ళు, నిప్పు, పొగాకు ఏవీ ఇవ్వకుండా గదిలో పెట్టి తాళం వేశారు. రెండు రాత్రులు గడిచాయి. చివరికి వాళ్ళు చెప్పింది: ఇద్దరూ నేరస్థులు కారు. కోర్టు వెంటనే జ్యూరీ మొత్తానికి తలా 40 మార్కుల జుల్మానా వేసి, కట్టేదాకా న్యూగేట్ జైల్లో ఉండమంది. 40 మార్కులంటే దాదాపు 27 పౌండ్లు, ఆ రోజుల్లో పెద్ద మొత్తమే.

ఎడ్వర్డ్ బుషెల్ అనే జ్యూరీ సభ్యుడు, ఇంకో ముగ్గురు కట్టం అన్నారు. హేబియస్ కార్పస్ వేశారు. అది విన్న ప్రధాన న్యాయమూర్తి జాన్ వాఘన్ వాళ్ళని వదిలెయ్యమన్నాడు. ఆయన తర్కం నాకు భలే నచ్చుతుంది. ఒకే సాక్ష్యం విని ఇద్దరు నిజాయితీపరులు రెండు రకాలుగా అనుకోవచ్చు. జడ్జి ఎలా అనుకుంటే అలాగే చెప్పాలంటే ఇక జ్యూరీ దేనికి? కాబట్టి మనస్సాక్షిగా ఇచ్చిన వర్డిక్ట్‌కి జ్యూరీని శిక్షించే హక్కు జడ్జికి లేదు. వర్డిక్ట్, జడ్జ్‌మెంట్ అనే రెండు మాటల మధ్య గోడ అప్పుడు గట్టిపడింది. తిండి మానుకుని, జైలుకెళ్ళి కట్టిన గోడ అది. (ఈ పెన్నే తర్వాత పెన్సిల్వేనియా స్థాపించాడు. పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి వెళ్ళేవాళ్ళు ఈసారి ఓ సారి తలుచుకోండి.)

ఆ గోడ మన దేశానికి వచ్చేసరికి పొట్టిదైపోయింది. 1959లో బొంబాయిలో నౌకాదళ కమాండర్ నానావతి తన భార్య ప్రియుడు ప్రేమ్ ఆహుజాని కాల్చి చంపిన కేసు సినిమాల పుణ్యమా అని చాలామందికి తెలిసిందే. తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది నేరం చెయ్యలేదన్నారు. కానీ 1898 నాటి మన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఒక తలుపుంది. జ్యూరీ మాటతో ఒప్పుకోలేని సెషన్స్ జడ్జి కేసుని హైకోర్టుకి పంపొచ్చు. పరాయి పాలకులు మన జ్యూరీలని ఎంతవరకు నమ్మారో ఆ ఒక్క సెక్షను చెబుతుంది. జడ్జి పంపాడు, హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. 1964లో గవర్నరు క్షమాభిక్ష పెట్టారు. చూడండి, ఒక్క మనిషి గురించి వర్డిక్ట్, జడ్జ్‌మెంట్, పార్డన్ మూడూ వచ్చాయి, మూడూ మూడు వేర్వేరు చోట్ల నుంచి. క్షమాభిక్ష వల్ల మనిషి బయటికొచ్చాడు గానీ నేరం చెయ్యలేదని ఎవరూ అనలేదు. అన్నట్టు, దేశంలో చివరి జ్యూరీ కేసు ఇదే అని అందరూ రాసేస్తుంటారు. కాదు, ఆ తర్వాత కూడా కొన్నిచోట్ల జ్యూరీలు నడిచాయి. 1973 కోడ్‌లో మాత్రం వాటికి చోటు లేకుండా పోయింది.

మిగిలింది అవార్డు. ఇది మధ్యవర్తి ఇచ్చేది. మధ్యవర్తి అంటే మన ఊళ్ళో పెద్దమనిషిలాగే, రెండు పక్షాలూ నువ్వు చెప్పింది వింటాం అని ముందే ఒప్పుకుంటేనే ఆయన మాటకి విలువ. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని మెక్‌డొనాల్డ్ ఏ మతానికి, ఏ వర్గానికి ఎన్ని సీట్లో ప్రకటించినప్పుడు ప్రభుత్వం అచ్చువేసిన కాగితం మీద ఉన్న పేరు "కమ్యూనల్ డెసిషన్". జనం నోట్లో మాత్రం అది "కమ్యూనల్ అవార్డు" అయి కూర్చుంది. డెసిషన్ అంటే సర్కారు తనంతట తను చేసింది. అవార్డు అంటే మనందరం కలిసి ఆయన్ని పెద్దమనిషిగా కూర్చోబెట్టినట్టు! ఎంత తేడా?

తెలుగువాళ్ళకి బాగా తెలిసిన అవార్డు (నంది అవార్డు కాకుండా) బచావత్ అవార్డు. నిజానికి 1956 నాటి అంతర్రాష్ట్ర జల వివాదాల చట్టం ట్రిబ్యునల్ చెప్పేదాన్ని డెసిషన్ అనే అంటుంది. దాన్ని గెజిట్‌లో అచ్చు వేస్తేనే రాష్ట్రాలు దానికి కట్టుబడాలి. 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో 75 శాతం నమ్మకంగా దొరికే నీళ్ళు 2060 టీఎంసీలని లెక్కగట్టి మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, ఆంధ్రప్రదేశ్‌కి 800 పంచింది. ఆ పైన వచ్చే మిగులు నీళ్ళని ఆంధ్రప్రదేశ్ వాడుకోవచ్చు అంది. ఆ "వాడుకోవచ్చు"కి ఇంగ్లీషులో వాడిన మాట లిబర్టీ. దానివల్ల రైట్ ఏమీ రాదని కూడా అక్కడే రాసింది. స్వేచ్ఛ ఉంది, హక్కు లేదు. మన రాజకీయ ఉపన్యాసాల్లో మాత్రం "అవార్డు ప్రకారం మిగులు జలాలు మావే" అయిపోయింది. ఆ మిగులు మీదే తెలుగుగంగ, హంద్రీ-నీవా, గాలేరు-నగరి, వెలిగొండ, కల్వకుర్తి, నెట్టెంపాడు వచ్చాయి.

2010 డిసెంబరులో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ ఆ మిగులునీ మూడు రాష్ట్రాలకీ పంచింది. అప్పుడు అందరికీ లిబర్టీకీ రైట్‌కీ తేడా అర్థమైంది. ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకి వెళ్తే, ఆ డెసిషన్ని తాము చెప్పేదాకా గెజిట్‌లో అచ్చు వెయ్యొద్దని 2011 సెప్టెంబరులో కోర్టు ఆపింది. అంటే డెసిషన్ అయితే అయ్యింది, అది ఎవర్నీ కట్టిపడేయదు. మన పేపర్లు మాత్రం 2010లో రాసిందీ తీర్పే, 2011లో రాసిందీ తీర్పే.