చాకు చెప్పే ఉక్కు కథ

మీరు రాయ్‌పూర్ గోల్ బజార్‌లో ఒక ఇనుప సామాన్ల దుకాణం ముందు నిలబడ్డారనుకోండి. దుకాణదారు మీ ముందు మూడు మడత చాకులు పెట్టాడు. ఒకటి తళతళా మెరుస్తోంది, ధర చాలా తక్కువ. రెండోది నల్లగా, మొరటుగా ఉంది, ఊరి కమ్మరి చేసింది. మూడోది బరువైనది, తెరిస్తే ‘టక్’మని తాళం పడుతుంది, ధర మొదటిదానికి పదింతలు. తాళ్లు కోయాలి, కొమ్మలు నరకాలి, పెట్టెలు విప్పాలి. వీటిలో దేన్ని కొంటారు?

మెరుపును చూసి చెప్పలేం, ధరను చూసీ చెప్పలేం. చాకు విలువ దాని ఉక్కులోనూ, ఆ ఉక్కుకు చేసిన కాల్పులోనూ, చివరికి దాని కీలులోనూ ఉంటుంది. ఈ మూడింటినీ మనిషి ఒక్కసారిగా నేర్చుకోలేదు. ఆ పాఠాల్లో కొన్ని రాయ్‌పూర్ చుట్టుపక్కల అడవుల్లో, మరికొన్ని మన తెలంగాణ పల్లెల్లో జరిగాయి.

కీలు దగ్గరి చిక్కు

మడత చాకు కొత్త వస్తువేమీ కాదు. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో ఎముక పిడి ఉన్న మడత చాకు దొరికింది. అది సుమారు 2,500 ఏళ్ల నాటిది. రోమన్లూ ఇటువంటివి వాడారు. జేబులో పెట్టుకోవచ్చు, వేళ్లు తెగవు. సౌకర్యమే! కాని ఆ సౌకర్యానికి మూల్యం ఉంది. మామూలు కత్తిలో అలుగు తోక పిడి లోపలికంటా దిగి ఉంటుంది. మడత చాకులో మీ చేతి బలమంతా ఒక్క చిన్న మేకు మీద పడుతుంది. చాకు పొరపాటున మూసుకుంటే తెగేది మీ వేళ్లే.

అందుకే బరువు పనుల చాకుల చరిత్ర చాలావరకు తాళం చరిత్రే. ఫ్రాన్స్‌లో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన కొయ్యపిడి చాకుకు 1955లో ఒక తిరిగే కంకణం చేర్చారు. దాన్ని తిప్పితే అలుగు కదలదు. అమెరికాలో 1964లో వచ్చిన ‘బక్ 110’లో పిడి వెనుక ఉన్న మీట అలుగు మొదట్లోని గాడిలో పడి తాళం వేస్తుంది. ఈనాటి పెద్ద మడత చాకులు ఎన్నో దాని అడుగుజాడల్లో వచ్చినవే.

అయితే కీలు ఎంత గట్టిదైనా అలుగు మెత్తనిదైతే ఏం లాభం? కాబట్టి ఉక్కు సంగతికి వద్దాం.

రాయ్‌పూర్ కొలుములు

భారత భూగర్భ సర్వే శాస్త్రజ్ఞుడు ప్రమథనాథ్ బోస్ 1887లో రాయ్‌పూర్ జిల్లా పశ్చిమ భాగంలోని ఇనుప పరిశ్రమ గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. ఆ రోజుల్లో ‘ఇనుప పరిశ్రమ’ అంటే నిలువెత్తు కూడా లేని మట్టి కొలుములే. ఉత్తరాన మైకల్ కొండల్లో ఇదే వృత్తిగా బతికిన వారు అగరియాలు. వారి కొలుములనూ, ఇనుప దేవతల కథలనూ వెరియర్ ఎల్విన్ 1942లో ‘ది అగరియా’ అనే పుస్తకంగా రాశాడు.

ఆ కొలిమి ఎలా పనిచేసేది? ముడి ఖనిజాన్ని చిన్న ముక్కలు చేసి, కర్రబొగ్గుతో కలిపి పైనుంచి పోస్తారు. కాళ్లతో తిత్తులు తొక్కుతూ గాలి ఊదుతారు. బొగ్గు నుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఆ కొలిమిలో అంత వేడి రాదు. కనుక ఇనుము కరగకుండానే, చిట్టెంతో కలిసి, స్పాంజిలాంటి ముద్దగా మిగులుతుంది. దాన్ని దాగలి మీద పెట్టి సమ్మెటతో బాదితే చిట్టెం బయటికి పోయి ఇనుము మిగులుతుంది.

ఈ ఇనుములో కర్బనం చాలా తక్కువ. దీనితో చాకు చేస్తే వంగుతుందే గాని విరగదు. సానరాయి మీద సులభంగా పదునెక్కుతుంది, అంతే సులభంగా మొద్దుబారుతుంది. కొడవలికి, నాగటి కర్రుకు అది చాలు, ఎందుకంటే కమ్మరి ఊళ్లోనే ఉన్నాడు. రోజంతా పదును నిలవాల్సిన చాకుకు మాత్రం చాలదు.

మూసలో పుట్టిన ఉక్కు

ఆ కొరతను తీర్చినది మూస ఉక్కు. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఇందుకు పేరుపొందిన ఊరు. అక్కడి పనివారు ఇనుప ముక్కలను మట్టి మూసలో పెట్టి, కర్బనం చేర్చి, మూత బిగించి గంటల తరబడి కాల్చేవారు. కర్బనం చేరిన కొద్దీ ఇనుము కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. కనుక లోపలి లోహం నిజంగానే ద్రవమై, చిట్టెం వేరుపడి, నెమ్మదిగా చల్లారి గట్టి దిమ్మ అయ్యేది. త్రికోణమితి సర్వేతో పనిచేసిన డాక్టర్ వాయ్సీ కోనసముద్రానికి వెళ్లినప్పుడు ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పారశీక వర్తకుడు అక్కడే మకాం వేసి సరుకు చేయించుకుంటున్నాడు. వాయ్సీ వర్ణన 1832లో అచ్చయింది. పశ్చిమాసియాలో ‘డమాస్కస్ కత్తులు’గా కీర్తి పొందినవాటికి మూలం దక్షిణ భారతపు ఇటువంటి ఉక్కే.

ఇంగ్లండులో దీని పేరు ‘వూట్జ్’. బొంబాయి నుంచి డాక్టర్ హెలెనస్ స్కాట్ పంపిన దిమ్మలను జార్జ్ పియర్సన్ పరీక్షించి 1795లో రాయల్ సొసైటీకి నివేదించాడు. ఆ సందర్భంగా లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కుతో ఒక చాకు చేశాడు. కలం చెక్కుకునే చిన్న చాకు! సాగగొట్టడం కష్టమైందిగాని పదును మాత్రం మేలిరకానిది. తరవాత ఇదే స్టోడార్ట్ ఒక కమ్మరి కొడుకుతో కలిసి వూట్జ్ రహస్యం వెదికాడు. ఆ కమ్మరి కొడుకు మైకేల్ ఫారడే. వారు ఉక్కులో వెండి, ప్లాటినం, క్రోమియం వంటి లోహాలు కలిపి చూసి, 1820లోనూ 1822లోనూ ఫలితాలు ప్రకటించారు. వూట్జ్ గుట్టు వారికి అందలేదు. కాని మిశ్రలోహ ఉక్కుల శాస్త్రానికి అది తొలి మెట్టు అయింది.

గుట్టు ప్రధానంగా కర్బనంలోనే ఉంది. వూట్జ్‌లో అది సుమారు 1.5 శాతం. కత్తి మీద కనిపించే అలల గీతలు వరుసలు కట్టిన ఇనుప కార్బైడ్ రేణువులు. ఆ వరుసలకు వనేడియం వంటి మూలకాల లేశం తోడ్పడిందని అమెరికాలో వెర్హోవెన్, పెండ్రే 1990లలో చూపించారు.

కఠినత్వమా, దృఢత్వమా?

ఇక్కడ మీరు ఒక తేడా గుర్తుంచుకోవాలి. గీత పడనివ్వని గుణం కఠినత్వం. దెబ్బకు విరగని గుణం దృఢత్వం. సాధారణంగా ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే కఠినమవుతుంది, గాజులా పెళుసూ అవుతుంది. మళ్లీ 200 డిగ్రీల ప్రాంతంలో వేడిచేస్తే కొంత కఠినత్వం వదులుకుని దృఢత్వం సంపాదిస్తుంది. మంచి చాకు ఈ బేరం సరిగ్గా కుదిరిన చాకు. ఒకే ఉక్కుతో చేసినా కాల్పు చెడితే అలుగు పనికిరాదు.

మూడో శత్రువు తుప్పు. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ 12.8 శాతం క్రోమియం ఉన్న ఉక్కును తయారుచేశాడు. క్రోమియం ఆక్సైడ్ పలచని పొరగా ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. మన దుకాణంలోని మొదటి చాకు మెరుపు ఇదే. అయితే కర్బనం తక్కువైన స్టెయిన్‌లెస్ ఉక్కు మెరుస్తుంది, తుప్పుపట్టదు, కాని పదును నిలుపుకోదు.

రెండో చాకును కమ్మరి బహుశా పాత లారీ కమాన్ కట్టతో చేసి ఉంటాడు. అందులో కర్బనం సుమారు 0.6 శాతం. దెబ్బలకు ఓర్చుకుంటుంది, తుడవకపోతే తుప్పుపడుతుంది. ఖరీదైన మూడోదానికి ‘డి2’ ఉక్కు వాడారనుకుందాం. అందులో కర్బనం సుమారు 1.5 శాతం, అంటే కోనసముద్రం పాళ్లే! దానికి తోడు 12 శాతం దాకా క్రోమియం, కొద్దిగా వనేడియం. పదును చాలాకాలం నిలుస్తుంది. కాని క్రోమియంలో కొంత కార్బైడ్ల కింద ఖర్చయిపోవడంతో ఇది పూర్తి స్టెయిన్‌లెస్ కాదు. అలుగును మీటగా వాడితే అంచు పెచ్చులూడవచ్చు కూడా.

కొలుములు ఎందుకు ఆరిపోయాయి?

1903లో జంషెడ్జీ టాటా కుమారుడు దోరాబ్జీ, భూగర్భ శాస్త్రజ్ఞుడు వెల్డ్ ఇనుము వెదుకుతూ దల్లీ–రాజహరా కొండలకు వచ్చారు. ఖనిజం మేలైనదే. కాని దగ్గరలో తగిన బొగ్గు, నీరు కుదరలేదు. 1904లో బోస్ రాసిన ఉత్తరం వారిని మయూర్‌భంజ్ వైపు నడిపించింది. కర్మాగారం జంషెడ్‌పూర్‌కు వెళ్లింది. దల్లీ–రాజహరా ఖనిజం మరో అర్ధశతాబ్దం వేచి చూసింది. సోవియట్ సహకారంతో రాయ్‌పూర్‌కు సుమారు 30 కి.మీ. దూరాన కట్టిన భిలాయి కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది.

ఈలోగా చిన్న కొలుములు చాలావరకు ఆరిపోయాయి. దిగుమతి ఇనుము చవక. కొలిమికి పన్ను. కర్రబొగ్గుకు అడవిలో ఆంక్షలు. అగరియాల ఇనుము నాణ్యత చెడి ఈ పని ఆగలేదు, బొగ్గూ గిట్టుబాటూ లేక ఆగింది. కోనసముద్రంలోనూ మూస చేతులు మారకుండానే చల్లారింది. వారు రాసిపెట్టిన పుస్తకం లేదు గనుక, ఆ పనిని శాస్త్రజ్ఞులు చిట్టెం దిబ్బలనూ మూస పెంకులనూ తవ్వి తిరిగి నేర్చుకోవాల్సి వచ్చింది. ఒక ధర పట్టీలో ఓడిన విద్య ఎంత త్వరగా మాయమవుతుందో చూడండి.

మరి ఏది కొంటారు?

తెరిచి, తాళం వేసి, అలుగును పక్కలకు కదిపి చూడండి. కీలు దగ్గర ఊగితే వద్దు. ఉక్కు పేరు అడగండి. చెప్పలేకపోతే అది మెరుపు ధరే. మీ పని తడిలోనా, పొడిలోనా? కోతా, నరుకుడా? తడి వంటింటికి స్టెయిన్‌లెస్ చాలు. రోజంతా తాళ్లు కోసేవారికి మూడోది దండగ కాదు. కొమ్మలు నరికేవారికి కమ్మరి చాకే మేలు, కీలు వదులైతే బిగించేవాడూ దగ్గరే ఉంటాడు. ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు సాన చక్రం మీద ఉక్కు ఆనిన క్షణాన కాస్త దూరంగా నిలబడి నిప్పురవ్వలు చూడండి. పొడుగ్గా, సాదాగా పోతే కర్బనం తక్కువ. చిటపటా చీలి పూలు పూస్తే ఎక్కువ. ఏ ప్రయోగశాలా లేకుండా ఉక్కును గుర్తుపట్టే ఆ కన్ను ఆయనకు ఎవరు నేర్పారో కూడా అడిగి రాసుకోండి.