పనిగంటల నమోదు

కార్మికుఁడు ఏ వేళ పనిలో ప్రవేశించి ఏ వేళ విరమించెనో, ఆ నడుమ ఏ పనికెంత కాలము వెచ్చించెనో లిఖితపూర్వకముగా నిలుపు పద్ధతి. సున్నపురాతి నిక్షేపముల నాశ్రయించి సిమెంటు కర్మాగారములును, నాపరాతి గనులును వెలసిన కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతమున మస్టరు (హాజరు పట్టిక) లేని పనిచోటు నూహించుట కష్టము. సిమెంటు కొలిమి రేయింబవళ్లు మండవలసినది గావున అచట పని షిఫ్టులుగా సాగును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వయోజన కార్మికుల పట్టికను నిర్వహింపవలెనని శాసించి, దినమునకు 9, వారమునకు 48 గంటలను పరిమితిగా విధించి, అంతకు మించిన పనికి రెట్టింపు వేతనమును నిర్ణయించెను. ఓవర్‌టైము వివాదములలో ఇట్టి నమోదు కార్మికునికి ఆధారము కాఁగలదు.

కంప్యూటరు టైమ్‌షీటునందు ఉద్యోగి తన గంటలను తానే నింపఁగా, పై అధికారి ఆమోదించిన పిమ్మట అవి జీతపు లెక్కకుఁ జేరును. వేలిముద్ర యంత్రము రాకపోకలను పట్టును గాని ఏ పనికెంత పట్టెనో చెప్పఁజాలదు. అయితే వారాంతమున జ్ఞాపకము మీఁద ఒక్కుమ్మడి నింపిన టైమ్‌షీటును విశ్వాసపాత్రము కాదు.

కర్మాగారముల వెలుపలను ఇట్టి నమోదు కలదు: వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా, గ్రామీణ ఉపాధి హామీ పథకపు పనులందు 2023 జనవరి 1 నుండి హాజరును ఛాయాచిత్రములతో మొబైలు యాప్‌లో నమోదు చేయుట తప్పనిసరియైనది.