కంప్యూటరు గట్టున కన్నముల వెదకులాట

వానకాలమునకు ముందు చెరువు గట్టు చూచివచ్చుట మన ఉత్తరాంధ్ర పల్లెలలో పాత అలవాటు. చోడవరము చుట్టుప్రక్కల వరిని, చెరకును నమ్ముకొన్న రైతు గట్టుమీద పీతబొరియ కనబడినచో దానిని ఆనాడే మట్టితో కూరివేయును. బొరియ చిన్నదే. కాని నీరు పల్లమెరుగును. చెరువు నిండిన నాడు నీరే ఆ బొరియను వెదకికొని పోవును. తెల్లవారుసరికి అది గండి యగును.

నేడు మన కచేరీలలోను, ఇండ్లలోను ఉన్న కంప్యూటర్లకు ఇట్టి గట్టు తనిఖీ అవసరమైనది. ఒకదానితో నొకటి కలుపబడిన కంప్యూటర్లలో ఎక్కడెక్కడ లొసుగులున్నవో వెదకి చూచుటను స్కానింగు అందురు. ఈ విద్య ఎట్లు పుట్టినదో, దాని చరిత్ర మనకు నేర్పిన పాఠమేమో ఈ ప్రసంగములో విచారింతము.

ముందుగా ఆ పని జరుగు తీరు తెలిసికొందము. నెట్‌వర్కులోని ప్రతి కంప్యూటరునకు ఒక చిరునామా సంఖ్య ఉండును. ఆ చిరునామాలో 65,536 వరకు తలుపులుండవచ్చును; వీనికి పోర్టులని పేరు. ఉత్తరములకొక తలుపు, వెబ్ పుటలకొక తలుపు, దస్త్రములు పంచుకొనుటకు మరియొక తలుపు. స్కానరు అను ప్రోగ్రాము వీనిని ఒక్కొక్కటిగా తట్టును. ‘ఉన్నాను’ అని బదులు వచ్చినచో తలుపు తెరచియున్నది. ‘ఇక్కడ ఎవరును లేరు’ అని వచ్చినచో మూసియున్నది. ఏ బదులును రాకున్న, నడుమ కావలివాడు అడ్డుకొనుచున్నాడని ఊహింపవచ్చును. పిమ్మట తెరచిన తలుపు వెనుక ఏ ప్రోగ్రాము పనిచేయుచున్నది, అది ఎన్నవ కూర్పు అని విచారించి, లోకమునకు తెలిసిన లొసుగుల పట్టికతో సరిచూచును. దొంగయు ఇట్లే తట్టును. కాపరియు ఇట్లే తట్టును. ఎవరి అనుమతితో తట్టినారు, కన్నము కనబడిన తరువాత ఏమి చేసినారు అనునవే ఇరువురికిని భేదము.

ఈ చరిత్రలో మొదటి పెద్ద ఘట్టము 1988 నవంబరు 2వ తేదీ రాత్రి అమెరికాలో జరిగినది. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వ్రాసిన ఒక ప్రోగ్రాము, పురుగువలె కంప్యూటరు నుండి కంప్యూటరునకు తనంతట తానే ప్రాకినది. ఉత్తరములను చేరవేయు ప్రోగ్రాములో, పరీక్ష కొరకు పెట్టి మూయక విడిచిన ఒక మార్గము దానికి ప్రవేశద్వారములలో ఒకటి. తేలికగా ఊహింపదగిన సంకేతపదములు మరియొకటి. ఆనాడు ఇంటర్నెట్టులో ఉన్నవని అంచనా వేసిన 60,000 కంప్యూటర్లలో సుమారు 6,000 దాని వాత పడినవి. ఆ నెలలోనే పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఇట్టి ఆపదలలో సహాయపడుటకు ‘సెర్ట్’ అను కేంద్రము నెలకొల్పబడినది.

పురుగు వెదకినట్లే మనమును ముందుగా ఎందుకు వెదకరాదు? ఈ ప్రశ్న నుండియే కాపరుల సాధనములు పెరిగినవి. 1990లో డాన్ ఫార్మర్, జీన్ స్పాఫర్డ్ అనువారు ఒక కంప్యూటరులోని లొసుగులను ఆ కంప్యూటరులోనే కూర్చుండి పరీక్షించు సాధనమును ప్రకటించిరి. 1995 ఏప్రిల్ 5న ఫార్మరు, వీట్సె వెనెమా అను డచ్చి శాస్త్రజ్ఞునితో కలిసి, దూరము నుండియే ఇతర కంప్యూటర్లను పరీక్షింపగల ‘సేటన్’ అను సాధనమును అందరికి ఉచితముగా ఇచ్చినాడు. సైతాను అను అర్థమిచ్చు ఆ పేరు వినియే పలువురు ఉలికిపడిరి. దొంగల చేతికి తాళపుచెవులు ఇచ్చినారని కొందరు నిందించిరి. దొంగల కడ అవి ముందే ఉన్నవి, ఇప్పుడు యజమానికిని దొరికినవని మరికొందరు వాదించిరి.

ఆ వాదములో ఏది నిజమో తేల్చుటకా యన్నట్లు, 1996 చివర ఫార్మరు బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు, వార్తాపత్రికలు మొదలగువానికి చెందిన సుమారు 2,200 కంప్యూటర్లను వెలుపలినుండి పరిశీలించినాడు. మూడింట రెండు వంతులలో గట్టి లొసుగులున్నట్లు బయటపడినది. వానిలో దేనిలోనికిని అతడు చొరబడలేదు. కాని ముందుగా ఎవరి అనుమతియు కోరలేదు. మంచి ఉద్దేశముతోనైనను పరుల తలుపు తట్టవచ్చునా అను ధర్మసందేహము నాటినుండి ఈ విద్యను విడువలేదు.

1997 సెప్టెంబరులో గోర్డన్ లయన్ ‘ఎన్‌మ్యాప్’ అను స్కానరును, 1998లో ఫ్రెంచి యువకుడు రెనో డెరైసన్ ‘నెసస్’ అను స్కానరును ప్రకటించిరి. ఒకే లొసుగునకు పదిమంది పది పేర్లు పెట్టుటచే కలుగు చిక్కును తొలగించుటకై 1999లో అమెరికాలోని మైటర్ సంస్థ ‘సి.వి.ఇ.’ అను ఉమ్మడి పట్టికను ప్రారంభించినది. మొదట దానిలో ఉన్నవి 321 లొసుగులు మాత్రమే. నేడవి లక్షలలో నున్నవి.

ఇన్ని సాధనములు వచ్చిన పిదపనైనను లోకము జాగ్రత్తపడినదా? 2003 జనవరి 25న ‘స్లామర్’ అను పురుగు బయలుదేరినది. దాని పరిమాణము 376 బైట్లు. మొదటి నిమిషములో 8.5 సెకనులకొకసారి దాని సంతానము రెట్టింపైనది. లొసుగున్న కంప్యూటర్లలో నూటికి తొంబది పది నిమిషములలో దానికి చిక్కినవి. దొంగలుపడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినవని మన సామెత. ఇక్కడ కథ తలక్రిందులు. ఆ లొసుగును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు సంస్థ 2002 జూలైలోనే విడుదల చేసినది. కుక్క ఆరునెలలు ముందే మొరిగినది; ఇంటివారే లేవలేదు.

‘మాది చిన్న ఊరు, మమ్ము వెదకివచ్చువాడెవడు?’ అని మనవంటి వారము అనుకొనుట సహజము. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘జీమ్యాప్’ అను స్కానరుతో ఆ భరోసాను తుడిచిపెట్టిరి. ఇంటర్నెట్టు పాత పద్ధతి చిరునామాలు సుమారు 430 కోట్లు. వానిలో అందరికి అందుబాటున నున్న చిరునామాలన్నింటి తలుపు ఒక్కొక్కటి చొప్పున, ఒకే కంప్యూటరుతో, 45 నిమిషములలో తట్టవచ్చునని వారు చూపిరి. స్కానరునకు న్యూయార్కు లేదు, చోడవరము లేదు. ఉన్నవి సంఖ్యలు మాత్రమే. చిన్నతనము ఇక రక్షణ కాదు.

ఇది మన జిల్లాకు అనుభవములోనికి వచ్చిన దినము 2017 మే 12, శుక్రవారము. ‘వన్నాక్రై’ అను పురుగు 445వ పోర్టును తట్టుచు, దొరికిన కంప్యూటరులోని దస్త్రములను బిగించి, విడుదలకు 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్ కోరినది. సుమారు 150 దేశములు దాని బారిన పడినవి. ఇంగ్లాండులో 236 ఆసుపత్రి సంస్థలకు గాను కనీసము 80 ఇబ్బందిపడినవి. రోగులు వైద్యునికడకు పోవలసిన సుమారు 19,000 సందర్శనములు తప్పిపోయినట్లు అంచనా. ఆంధ్రప్రదేశములో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాలలోని పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని చిక్కుకొన్నవి. 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరము ఆనాడు విశాఖపట్నము జిల్లాలోనిదే. ఈ లొసుగును పూడ్చు సవరణ మార్చి 14న, అనగా 59 దినములు ముందే, విడుదలయినది.

ఈ కథలో పోగొట్టుకొన దగినది అల్పమైనది కాదు. 1998లో ‘కార్డ్’ పథకముతో మన రాష్ట్రమున భూముల రిజిస్ట్రేషను కంప్యూటరులోనికి వచ్చినది. తరువాత పింఛను, రేషను, బ్యాంకు ఖాతా అన్నియు వచ్చినవి. నాడు భూషాణములో దాచుకొన్న దస్తావేజు నేడు దూరముననున్న యంత్రములో నున్నది. ఆ యంత్రపు తలుపు మూసియున్నదా లేదా అనునది రైతు ఇంటి విషయమే.

మన దేశములో 2004 జనవరి నుండి ‘సెర్ట్-ఇన్’ సంస్థ ఇట్టి లొసుగులను గూర్చి హెచ్చరికలు ప్రకటించుచున్నది. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 43వ సెక్షను యజమాని అనుమతి లేక అతని కంప్యూటరులో ప్రవేశించుటను తప్పుగా నెంచినది. దురుద్దేశముతో చేసినచో 66వ సెక్షను క్రింద మూడేండ్ల వరకు శిక్ష కలదు. 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశములలో, కీలకమైన నెట్‌వర్కులను గురిపెట్టి స్కాను చేసినట్లు కనబడినను ఆరు గంటలలోగా తెలుపవలెనని సెర్ట్-ఇన్ నిర్దేశించినది. కనుక ఉత్సాహముగల మన యువకులు ఈ విద్యను తమ సొంత యంత్రములపై నేర్చుకొనవలెను. ఇతరుల యంత్రమును పరీక్షింపవలసినచో వ్రాతపూర్వకమైన అనుమతి ముందు పుచ్చుకొనవలెను.

మేము చూచినంతవరకు, 2003లోను 2017లోను కొదువయైనది కన్నమును గూర్చిన జ్ఞానము కాదు, పూడ్చు చేయి. స్కానరు జాబితా ఇచ్చును, మట్టి మోయదు. ప్రతి కచేరీలోను ఎన్ని కంప్యూటర్లున్నవి, వానిని కడపట ఎప్పుడు పరీక్షించినారు, బయటపడిన లొసుగులను ఎన్ని దినములలో పూడ్చినారు అను మూడు ప్రశ్నలకు బదులు చెప్పగల ఒక బాధ్యుడుండవలెను. ఇంటిలో మనము చేయదగినదియు కలదు. ఇంటర్నెట్టు పెట్టెతో వచ్చిన తొలి సంకేతపదమును మార్చుట, సవరణలు వచ్చినప్పుడు ‘రేపు చూతము’ అనక వానిని చేర్చుకొనుట. ఈ రెండింటికి ఒక సాయంకాలము చాలును.